జ్వరానికి నేలవేము కాచే ముందు

మాది చంద్రగిరి పక్క పల్లె. చాలా ఏళ్ళు తిరుపతిలో పిల్లలకు బాటనీ చెప్పాను. అందుకే వానలు మొదలై ఇంటింటా జ్వరాలు పట్టుకున్నాయంటే ఊళ్ళోవాళ్ళు ఫోన్ చేసి, "అక్కా, నేలవేము ఎట్లా కాచాలి?" అని అడుగుతారు.

ముందు మొక్కను సరిగ్గా గుర్తుపట్టాలి. కాండాన్ని రెండు వేళ్ళ మధ్య పెట్టి దొర్లించండి. గుండ్రంగా తిరగదు, నాలుగు పలకలు వేలికి తగులుతాయి. ఆకులు ఎదురెదురుగా, మిరపాకులాగా కోసుగా ఉంటాయి. చిన్న తెల్ల పువ్వు మీద ఊదా మచ్చలుంటాయి. ఇవన్నీ కుదిరితేనే ఆకు కొసను నాలుకకు తాకించండి. ఆ చేదు గొంతు దాకా దిగి ఓ పట్టాన వదలదు. మందు కొట్టిన మామిడితోపుల గట్ల మీద మాత్రం కోయొద్దు.

నీడన ఆరబెట్టిన ఆకు ఒక చెంచా, రెండు గ్లాసుల నీళ్ళు, కాస్త శొంఠి, నాలుగు మిరియాలు వేసి సన్నసెగ మీద అర గ్లాసుకు దిగేదాకా కాచండి. ఇది పెద్దవాళ్ళకు, అదీ రెండు మూడు రోజులకే. గర్భిణులకు, పసిపిల్లలకు వద్దు. బీపీ, షుగర్, రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్ళు డాక్టర్‌ని అడగకుండా తాగొద్దు.

ఆ చేదుకు ముఖ్య కారణం ఆండ్రోగ్రాఫోలైడ్. ల్యాబులో పెంచిన కణాల్లో డెంగీ వైరస్‌ను అది అణచడం నిజమే. కానీ అది నీళ్ళలో సరిగ్గా కరగదు, పేగుల్లోంచి రక్తంలోకి చేరేదీ తక్కువే. పైగా ఒక్కో మొక్కలో ఒక్కో పాళ్ళలో ఉంటుంది. బిర్యానీలో వేసే అనాసపువ్వునే చూడండి. అందులోని షికిమిక్ ఆమ్లం నుంచే ఫ్లూకి ఇచ్చే ఒసెల్టామివిర్‌ను తయారుచేస్తూ వచ్చారు. అయితే ఆ ఆమ్లాన్ని ఫ్యాక్టరీలో ఎన్నో దశల్లో మారిస్తేగానీ మందు కాదు. అనాసపువ్వు కాచి తాగితే ఫ్లూ తగ్గదు.

ఇంత తెలిసీ మా తమ్ముడి విషయంలో నేను పొరబడ్డాను. జ్వరమొచ్చిన నాలుగో రోజు వాడి ఒళ్ళు చల్లబడింది. కషాయం పనిచేసిందని నేనూ అనుకున్నాను, అమ్మ దేవుడికి దీపం పెట్టింది. ఆ రాత్రే కడుపునొప్పి, ఆపకుండా వాంతులు. డెంగీలో జ్వరం దిగే వేళకే రక్తనాళాల్లోంచి ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, బయటికి కారి మనిషి కుప్పకూలే ప్రమాదం ఉంటుంది. వేళకు సెలైన్ ఎక్కించబట్టి దక్కాడు.

కాబట్టి కషాయం తాగినా జ్వరం వచ్చిన ఒకటి రెండు రోజుల్లోనే రక్తపరీక్ష చేయించండి. జ్వరానికి పారాసిటమాల్ చాలు, ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ జోలికి పోవద్దు. మజ్జిగ, గంజి, ఓఆర్‌ఎస్ మాటిమాటికీ ఇవ్వండి. జ్వరం దిగాక కూడా రెండు రోజులు కనిపెట్టుకుని ఉండాలి. కడుపులో గట్టి నొప్పి, చిగుళ్ళలో రక్తం, మూత్రం పోయడం తగ్గడం, మత్తుగా పడుకోవడం, వీటిలో ఏది కనిపించినా పొయ్యి మీది కషాయం దించేసి 108కి ఫోన్ చేయండి.