పీహెచ్‌డీ సమస్య ముందు నాలుగు వాక్యాల్లో

సినాప్సిస్‌లో (పరిశోధన ప్రతిపాదనలో) నేపథ్యమే పేజీలకు పేజీలు నడుస్తుంది, అసలు సమస్య ఎక్కడుందో గైడ్‌కి కనపడదు. ముందు నాలుగే వాక్యాలు రాయండి: ఏం జరగాలి, ఏం జరుగుతోంది, ఇంకా తేలనిదేంటి, తేలకపోతే నష్టం ఎవరికి.

ఉదాహరణకు కౌలు రైతులు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద సాగు హక్కు కార్డు ఉంటే పంట రుణం అందాలి. కార్డుకు భూ యజమాని సంతకం కావాలి, దానికి చాలామంది యజమానులు వెనకాడతారు. కార్డు లేని రైతు పెట్టుబడి ఎక్కడ, ఎంత వడ్డీకి తెస్తున్నాడన్నది మీరు ఎంచుకున్న మండలాల్లో తేలలేదు. తేలకపోతే రుణ పథకాలు అతన్ని దాటిపోతూనే ఉంటాయి.

మూడో వాక్యం మాత్రం ఉన్న థీసిస్‌లు శోధగంగలో (భారతీయ థీసిస్‌ల ఆన్‌లైన్ నిధిలో) వెతికి చూశాకే రాయండి. ‘పరిశోధన తక్కువ’ అంటే సరిపోదు.

గణితం, సాహిత్య విమర్శల్లో నాలుగో వాక్యం అతకదు. అక్కడ ఏ వాదన తెగకుండా ఉందో చెబితే చాలు.