ఫిరంగిని చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: బరువు ఏ చక్రాల మీద?

గత పాఠంలో గొట్టం లోపలి పొడవును లోపలి వ్యాసంతో భాగించడం నేర్చుకున్నాం. బ్రిటిష్ సైన్యపు 60 పౌండ్ల ఫిరంగికి (అది విసిరే గుండు బరువే ఆ 60 పౌండ్లు) పొడవు 160 అంగుళాలు, వ్యాసం 5 అంగుళాలు కనుక మీకు 32 వచ్చి ఉండాలి. రానివారు ఆ లెక్కను మళ్లీ చేసి రండి. ఈసారి అదే ఫిరంగి బండిని చదువుదాం. గొట్టాన్ని చూస్తే గుండు వేగం గురించి తెలుస్తుంది గానీ, ఆ ఫిరంగి యుద్ధంలో ఎలా బతికిందో బండే చెబుతుందని నా నమ్మకం.

1899లో దక్షిణాఫ్రికాలో బ్రిటిష్ వారికీ, అక్కడ స్థిరపడిన డచ్చి సంతతి వారైన బోయర్లకూ మధ్య మొదలైన బోయర్ యుద్ధంలో, తమ రాజధాని ప్రిటోరియా కోటల కోసం ఫ్రాన్సు నుంచి కొన్న 155 మి.మీ. ఫిరంగులను బోయర్లు కోటల నుంచి దింపి యుద్ధభూమికి తరలించారు. వాటికి సరితూగేవి చేతిలో లేని బ్రిటిష్ వారు, నౌకల మీది 4.7 అంగుళాల ఫిరంగులను నౌకాదళాధికారి పెర్సీ స్కాట్ అప్పటికప్పుడు చేయించిన బండ్ల మీద ఎక్కించి నడిపారు. సుమారు 27 కిలోల గుండును విసురుతూనే గుర్రాల వెంట కదలగల ఫిరంగి కావాలన్న కోరిక ఆ అనుభవం నుంచే పుట్టి, 1905లో 60 పౌండ్ల ఫిరంగిగా రూపుకట్టింది. 1914లో ఒక్కో పదాతి డివిజనుకు ఇవి నాలుగేసి ఉండేవి.

నాలుగు టన్నులు దాటిన ఈ బరువును గుర్రాలు ఎలా లాగాయి? ప్రయాణానికి ముందు గొట్టాన్ని బండి మీదే వెనక్కి జరిపేవారు. వెనుక దూలాన్ని మోసే చిన్న ముందు బండి మీదికి, అంటే లింబర్ మీదికి, కొంత బరువు చేరి, రెండు జతల చక్రాలూ దాన్ని పంచుకునేవి.

లెక్క కోసం కొన్ని గుండ్రని అంకెలు తీసుకుందాం. రెండు ఇరుసుల మధ్య దూరం 4 మీటర్లు, గొట్టం బరువు 2 టన్నులు అనుకుని, దాన్ని 1 మీటరు వెనక్కి జరిపితే, 2ను 1తో గుణించి 4తో భాగించగా వచ్చే అర టన్ను ఫిరంగి చక్రాల మీద నుంచి లింబర్ చక్రాల మీదికి మారుతుంది. మొత్తం బరువు ఒక్క కిలో కూడా తగ్గలేదన్నది గమనించండి. అయినా బురదలో దిగబడే చక్రాలకు ఆ అర టన్ను చాలా పెద్ద తేడా.

1915లో, ఫిరంగులు త్వరగా తయారుకావాలన్న ఒత్తిడిలో, గొట్టాన్ని జరిపే ఈ ఏర్పాటును తీసివేసి రెండవ రకం బండిని చేశారు. కర్మాగారానికి పని తేలికైంది. కానీ ఎక్కువ బరువు ఫిరంగి చక్రాల మీద పడడంతో కొయ్య చక్రాల స్థానంలో ఆవిరి ట్రాక్టర్లకు వాడే బరువైన ఇనుప చక్రాలు వేయవలసి వచ్చింది, ఫిరంగి ఇంచుమించు ఒక టన్ను బరువెక్కింది, గుర్రాల పని, ఇనుప పట్టీల మీద నడిచే హోల్ట్ ట్రాక్టర్లకు అప్పగించవలసి వచ్చింది. తయారీలో మిగిలిన శ్రమను దారిలో సైనికులు చెల్లించారు. 1916లో వచ్చిన మూడవ రకం బండిలో గొట్టాన్ని వెనక్కి జరిపే పద్ధతిని, కొంత మార్చి, తిరిగి తెచ్చారు.

అభ్యాసం: పై లెక్కలో గొట్టాన్ని 1.5 మీటర్లు జరిపితే ఎంత బరువు మారుతుందో కట్టండి. ఆపై ఈ ఫిరంగి ఫొటోలు రెండు మూడు సంపాదించి, ముందుగా చక్రాలను చూడండి: కొయ్య ఆకులా, ఇనుప ఆకులా? దాన్నిబట్టి అది ఏ రకం బండో ఊహించి రాసుకోండి. వచ్చే పాఠంలో ఫిరంగి వెనుతన్నును ఆపే నూనె సిలిండరునూ స్ప్రింగులనూ విప్పి చూద్దాం.