నిర్ణీత పొడవులో, కావలసిన అక్షరాలతో ఇంగ్లీషు పదాన్ని వెతికే పద్ధతి

ఆరు అక్షరాల ఇంగ్లీషు పదం కావాలి, అందులో జి, హెచ్, టి మూడూ ఉండాలి అనే షరతు ఎదురైనప్పుడు చాలామంది తెలిసిన మాటలను ఒక్కొక్కటిగా మనసులో పలుకుతూ పోతారు. తెలుగులో చదువు మొదలుపెట్టిన వారికి ఇది సహజమే. మన లిపిలో పలికినట్టే రాస్తాం కనుక చెవి చెప్పినదాన్ని కన్ను నమ్ముతుంది. ఇంగ్లీషులో ఆ నమ్మకం దారి తప్పిస్తుంది. 'నైట్' అని పలికే మాట రాత్రి అనే అర్థంలో ఐదు అక్షరాలది, యోధుడు అనే అర్థంలో ఆరు అక్షరాలది. రెండింటిలోనూ జి, హెచ్ ఉన్నా అవి చెవికి వినిపించవు. అందుచేత ఈ వెతుకులాటలో చెవిని కాసేపు పక్కనపెట్టి, ఏ అక్షరం పక్కన ఏ అక్షరం నిలుస్తుందో ఆ పొత్తును చూడడం అలవాటు చేసుకోవాలి.

ముందుగా మన ప్రశ్న ఏ రకానిదో తేల్చుకోవాలి. గళ్ళనుడికట్టులో కొన్ని అక్షరాలతోపాటు వాటి స్థానాలు కూడా తెలుస్తాయి. జోష్ వార్డల్ 2021లో అందరికీ అందుబాటులోకి తెచ్చిన వర్డల్ ఆటలో ఐదక్షరాల పదాన్ని ఆరు ప్రయత్నాలలో పట్టుకోవాలి. అక్కడ ఆకుపచ్చ గడి స్థానంతో సహా అక్షరాన్ని ఖాయం చేస్తుంది, పసుపు గడి అక్షరం ఉందని, అయితే ఆ చోట లేదని చెబుతుంది. స్క్రాబుల్‌లో చేతిలో ఉన్న ఏడు పలకలతోనూ, బల్ల మీద ఉన్న అక్షరాలతోనూ పదం కూర్చాలి. 'ఈ అక్షరాలు ఉండాలి' అనడం వేరు, 'ఈ అక్షరాలు మాత్రమే ఉండాలి' అనడం వేరు. ఈ తేడా గమనించకుండా వెతకడం వల్ల వృథా అయ్యే సమయమే ఎక్కువ.

ఇప్పుడు జి, హెచ్, టి దగ్గరకు వద్దాం. కాగితం మీద ఆరు గీతలు గీయండి. ఈ మూడు అక్షరాలు ఇదే వరుసలో పదం చివర కలిసి నిలవడం ఇంగ్లీషులో చాలా మామూలు. వాటిని చివరి మూడు గీతల మీద రాస్తే ముందు మూడు ఖాళీలే మిగులుతాయి. ఈ గుంపుకు ముందు సాధారణంగా ఐ ఒక్కటిగాని, ఇ-ఐ, ఎ-యు, ఓ-యు జంటలలో ఒకటిగాని వస్తుంది. ఐ ఒక్కటే పెడితే దాని ముందు రెండు హల్లులకు చోటుంటుంది: బి-ఆర్ రాస్తే బ్రైట్, ఎఫ్-ఎల్ రాస్తే ఫ్లైట్, ఎస్-ఎల్ రాస్తే స్లైట్, పి-ఎల్ రాస్తే ప్లైట్, కె-ఎన్ రాస్తే యోధుడైన నైట్ వస్తాయి. ఇ-ఐ పెడితే ఒక్క హల్లుకే చోటు. హెచ్‌తో ఎత్తు అనే అర్థమున్న హైట్, డబ్ల్యూతో బరువు అనే అర్థమున్న వెయిట్ దొరుకుతాయి. ఎ-యు పెట్టి మొదట సి, టి ఉంచితే పట్టుకున్నాడు, నేర్పాడు అనే అర్థాల క్రియలు, ఓ-యు పెట్టి బి, ఎఫ్, ఎస్ ఉంచితే కొన్నాడు, పోరాడాడు, వెతికాడు అనే అర్థాల క్రియలు తయారవుతాయి. ఇలా ఒక్క గుంపునుంచే పన్నెండు పదాలు వచ్చాయి.

ఆ గుంపు అడుగంటాక దాన్ని విడగొట్టాలి. వరుస మార్చి జి-టి-హెచ్ చేస్తే పొడవు అనే అర్థమున్న లెంగ్త్ వస్తుంది. టి-హెచ్‌ను మాత్రమే జంటగా ఉంచి జిని దూరం జరిపితే గ్రోత్, గ్యాదర్ వస్తాయి. జి-హెచ్ జంటను చివర ఉంచి టిని ముందుకు తెస్తే అయినప్పటికీ అనే అర్థమున్న దో, తొట్టి అనే అర్థమున్న ట్రఫ్ దొరుకుతాయి. అదే జంటను మొదట ఉంచితే ఘెట్టో కనిపిస్తుంది. చివరగా ఐదక్షరాల పదానికి బహువచనపు ఎస్ చేర్చి చూడాలి. థింగ్స్, నైట్స్ అలా వచ్చినవే. ఉచ్చారణను బట్టి వెతికే వారికి ఘెట్టో, దో, బ్రైట్ ఒకే జాబితాలో ఎన్నడూ తట్టవు.

ఇచ్చిన అక్షరాలలో అరుదైనదానితోనే వెతుకులాట మొదలుపెట్టాలి. ఇంగ్లీషు స్క్రాబుల్ పెట్టెలోని 100 పలకలలో ఇ పలకలు 12 ఉంటే జె, కె, క్యూ, ఎక్స్, జెడ్ ఒక్కొక్కటే ఉంటాయి. ఏ అక్షరం ఎంత అరుదో తెలియడానికి ఈ లెక్క చక్కగా ఉపయోగపడుతుంది. క్యూ ఉంటే దాని వెనుక దాదాపు ఎప్పుడూ యు వస్తుంది కనుక రెండు గడులు ఒకేసారి నిండుతాయి. అయితే వ్యాసాలలోని అక్షరాలను లెక్కపెట్టి తయారుచేసిన పట్టికలను పూర్తిగా నమ్మవద్దని నా సలహా. 'ది' అనే చిన్న మాట వాక్యాలలో పదే పదే రావడం వల్ల అక్కడ హెచ్ లెక్క నిఘంటువులోకంటే పెరిగిపోతుంది.

స్థానాలు తెలిసినప్పుడు పదం కొసలను పరిశీలించాలి. జె, క్యూ, వి అక్షరాలతో ఇంగ్లీషు పదాలు చాలా అరుదుగా ముగుస్తాయి. చివరినుంచి రెండో గడిలో వి ఉంటే ఆఖరి గడిలో ముందుగా ఇ రాసి చూడడం మంచిది. ఐ, ఎన్, జి మూడూ ఇచ్చినట్లయితే వాటిని చివర ఉంచి, మిగిలిన చోటులో క్రియ కోసం వెతకండి. ఇక్కడ పొడవు విషయంలో జాగ్రత్త అవసరం: నాలుగక్షరాల మేక్ తన చివరి ఇని పోగొట్టుకుని మేకింగ్‌గా ఆరు అక్షరాలవుతుంది, మూడక్షరాల రన్ ఎన్‌ను రెట్టించుకుని రన్నింగ్‌గా ఏడు అక్షరాలవుతుంది.

కంప్యూటర్ సాయం తీసుకునేవారు ఒన్‌లుక్ వంటి నిఘంటు శోధనలో తెలియని ఒక్కో అక్షరానికి ఒక్కో ప్రశ్నార్థకం ఉంచవచ్చు. నక్షత్రం గుర్తు పెడితే ఎన్ని అక్షరాలైనా రావచ్చు కనుక పొడవు ముఖ్యమైనప్పుడు దాన్ని వాడకూడదు. వరుసకు ఒక పదం చొప్పున రాసిన సొంత పదజాబితా ఉంటే, నమూనాకు సరిపోయే వరుసలను ఏరి చూపే గ్రెప్ అనే కంప్యూటర్ ఆదేశానికి '^......$' అనే నమూనా (ఒక్కో చుక్క ఒక్కో అక్షరానికి గుర్తు) ఇస్తే సరిగ్గా ఆరు అక్షరాల వరుసలే వస్తాయి. ఆ ఫలితాన్ని జి ఉన్నవి, వాటిలో హెచ్ ఉన్నవి, వాటిలో టి ఉన్నవి అని మరి మూడుసార్లు వడగడితే మూడూ ఏ వరుసలో ఉన్నా జాబితా పూర్తిగా దొరుకుతుంది. ఒకే అక్షరం రెండుసార్లు కావాలంటే మాత్రం ఈ వడపోత చాలదు. ఆ అక్షరం, చుక్క, నక్షత్రం, మళ్ళీ అదే అక్షరం అనే నమూనా ఇవ్వాలి.

దొరికిన పదాన్ని గడులలో నింపేముందు అది ఏ దేశపు వర్ణక్రమమో చూసుకోండి. రంగు అనే అర్థమున్న కలర్ బ్రిటన్‌లో ఆరు అక్షరాలది, అమెరికాలో ఐదు అక్షరాలది. నాగలి అనే అర్థమున్న ప్లౌ బ్రిటన్‌లో ఆరు, అమెరికాలో నాలుగు. జి, హెచ్ కోసం వెతికే వారికి బ్రిటన్ నాగలి దొరుకుతుంది, అమెరికా నాగలిలో ఆ రెండూ ఉండవు.