ఇద్దరు కలిసి అమెరికా బయలుదేరే ముందు

ఆగస్టు సెమిస్టర్ కోసం శంషాబాద్‌లో అర్ధరాత్రి విమానాలు ఎక్కే విద్యార్థుల్లో చాలామందికి తోడు ఒక స్నేహితుడో స్నేహితురాలో ఉంటారు. ఆ తోడు వల్ల ఇంట్లోవాళ్లకు సగం బెంగ తీరుతుంది, అది మంచిదే. కానీ ఆ ధీమాతో ఇద్దరి సామాను, కాగితాలు, డబ్బు కలిపేసుకుంటేనే చిక్కులు మొదలవుతాయి. దారిలో ఎక్కడ విడిపోవలసి వచ్చినా ఎవరికి వారు గమ్యం చేరగలిగేలా సర్దుకోవాలి. ఈ జాగ్రత్తలన్నీ అందుకోసమే.

టికెట్టు కొనకముందే ఇద్దరి ఐ-20లూ (విద్యార్థి వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రాలు) పక్కపక్కన పెట్టి, వాటి మీదున్న ప్రోగ్రాం ప్రారంభ తేదీలు చూడండి. ఎఫ్-1 అనే విద్యార్థి వీసాతో తొలిసారి వెళ్లేవారిని ఆ తేదీకి 30 రోజుల కంటే ముందు అమెరికాలోకి రానివ్వరు. ఇద్దరివీ వేర్వేరు యూనివర్సిటీలైతే, ఒకరికి సరిపోయిన ప్రయాణపు రోజు రెండోవారికి తొందర కావచ్చు. టికెట్లు వీలైనంతవరకు ఒకే పీఎన్ఆర్ మీద తీసుకోండి. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే, వేర్వేరు పీఎన్ఆర్‌లు ఉన్నవారికి వేర్వేరు విమానాల్లో సీట్లు దొరికే అవకాశం ఎక్కువ.

పాస్‌పోర్టు, ఐ-20, సెవిస్ (అమెరికా ప్రభుత్వ విదేశీ విద్యార్థుల నమోదు వ్యవస్థ) ఫీజు రసీదు, అడ్మిషన్ లెటర్, బ్యాంకు కాగితాలు ఎవరివి వారి చేతిసంచిలోనే ఉండాలి. "నీ ఫైలు కూడా నా బ్యాగులో పెట్టేస్తాలే" అనే మాటను మొహమాటం లేకుండా కాదనండి. దిగబోయే ఇంటి చిరునామా, ఆశ్రయమిస్తున్నవారి ఫోన్ నంబరు ఇద్దరూ కాగితం మీద విడివిడిగా రాసుకోవాలి, ఎందుకంటే ఫోన్ ఛార్జింగ్ అయిపోయినా, అక్కడి సిమ్ పనిచేయకపోయినా ఆ కాగితమే ఆధారం. ఫారెక్స్ కార్డు, కొంత నగదు కూడా ఎవరివి వారికి ఉండాలి.

సూట్‌కేసుల విషయంలో మరింత పట్టుదల అవసరం. ఒకరి పెట్టె బరువెక్కిందని కౌంటరు దగ్గర హడావిడిగా రెండోవారి పెట్టెలోకి వస్తువులు మార్చడం మామూలుగా చూసేదే. తర్వాత కస్టమ్స్‌లో ఆ పెట్టె తెరిస్తే, అందులో ఏముందో తెలియని మనిషి జవాబు చెప్పుకోవలసి వస్తుంది. అందుకే బరువు ఇంట్లోనే తూచుకుని, ప్రతి బ్యాగు ట్యాగూ దాని యజమాని పేరు మీదే పడిందో లేదో కౌంటరు దగ్గరే చూసుకోండి. "మా తమ్ముడికి ఈ చిన్న పొట్లం ఇచ్చేయండి" అని బంధువులు తెచ్చే ప్యాకెట్లను విప్పి చూడకుండా ఎవరి పెట్టెలోనూ పెట్టకండి.

తిండి పదార్థాలు లేకుండా మన పెట్టెలు కదలవు కాబట్టి ఆ మాట వివరంగా చెప్పాలి. అమెరికాకు పచ్చి కరివేపాకు, పండ్లు, కూరగాయల విత్తనాలు, మాంసంతో చేసిన పచ్చళ్లు తీసుకెళ్లకండి. తిండి వస్తువులు ఉన్నాయా అని అడిగితే ఉన్నాయనే చెప్పండి. ముందే చెప్పినప్పుడు పనికిరానిదాన్ని తీసేసుకుని పంపుతారు, దాచి దొరికితే జరిమానా పడుతుంది. దుబాయి, అబుధాబి మీదుగా వెళ్లేవారు గసగసాలను పూర్తిగా మానుకోవాలి, అక్కడ అవి నిషిద్ధం. అమ్మ కొట్టించిన మసాలా పొడిలో అవి కలిశాయేమో కూడా అడిగి తెలుసుకోండి. పవర్ బ్యాంక్ మాత్రం చెక్-ఇన్ పెట్టెలో కాక క్యాబిన్ బ్యాగులోనే ఉండాలి.

గల్ఫ్ నుంచి అమెరికాకు వెళ్లే రెండో విమానం 14 నుంచి 16 గంటల వరకు సాగుతుంది. అంతసేపు కదలకుండా కూర్చుంటే కాళ్ల రక్తనాళాల్లో గడ్డలు కట్టే ప్రమాదం ఉంటుంది కాబట్టి, ఒకరు నిద్రపోతున్నా రెండోవారు లేపి, ఇద్దరూ అప్పుడప్పుడూ లేచి నడవాలి, నీళ్లు తాగుతుండాలి. రోజూ మందులు వేసుకునేవారు డాక్టరు చీటీతో సహా వాటిని చేతిసంచిలోనే ఉంచుకోవాలి.

ఇమ్మిగ్రేషన్ దగ్గర ఇద్దరినీ విడివిడిగా పిలుస్తారు. ఒకరిని మరిన్ని ప్రశ్నల కోసం లోపలి గదికి, అంటే సెకండరీ ఇన్‌స్పెక్షన్‌కు, పంపవచ్చు. నేను వెళ్లినప్పుడు నా మిత్రుణ్ణి అలాగే పంపారు. అక్కడ ఫోన్ వాడనివ్వరు గనుక అతను ఎంతసేపటికి వస్తాడో తెలియక, నాలుగు సూట్‌కేసులతో, తర్వాతి విమానం సమయం దాటిపోతుందన్న భయంతో గంటకు పైగా నిలబడ్డాను. అలా జరిగితే ఏం చేయాలో మేము ముందు మాట్లాడుకోలేదు. మీరు మాట్లాడుకోండి: రెండోవారు ఎంతసేపు ఆగాలి, ఆ తర్వాత తన పెట్టెలు తీసుకుని వెళ్లిపోవాలా, ఆశ్రయమిచ్చేవారికి ఎవరు ఫోన్ చేయాలి? అబుధాబిలోనైతే అమెరికా ఇమ్మిగ్రేషన్ విమానం ఎక్కకముందే పూర్తవుతుంది కాబట్టి ఈ ఏర్పాటు అక్కడికే సిద్ధంగా ఉండాలి.

సీనియర్ల ఇంట్లో దొరికే టెంపరరీ అకామడేషన్‌కు ఎన్ని రోజులు, ఎంత డబ్బు అన్నది బయలుదేరకముందే రాతపూర్వకంగా తేల్చుకోండి. అతిథులు ఎన్నాళ్లు ఉండవచ్చో లీజులో పరిమితి ఉండవచ్చు, దాన్ని మీరు దాటితే నష్టపోయేది మీకు చోటిచ్చినవారే. ఆ ఇళ్లలో పొగ అలారం తాలింపుకు కూడా మోగుతుంది. కిటికీ తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి వండండి, అలారానికి మాత్రం గుడ్డ కట్టకండి. సొంత ఇల్లు వెతికేటప్పుడు, ఫొటోలు మాత్రమే చూపించి అడ్వాన్సు అడిగేవారికి డబ్బు పంపకండి. ఇద్దరూ కలిసి లీజు మీద సంతకం పెట్టేముందు ఒక షరతు చదవాలి: చాలా లీజుల్లో ఒకరు మధ్యలో వెళ్లిపోతే మొత్తం అద్దె రెండోవారి మీద పడుతుంది. ఎంత ప్రాణస్నేహితులైనా, ఎవరైనా ముందు వెళ్లవలసి వస్తే బదులు మనిషిని ఎవరు వెతకాలో సంతకానికి ముందే రాసుకోండి. ఇల్లు మారిన 10 రోజుల్లోగా ఎవరి యూనివర్సిటీకి వారు కొత్త చిరునామా తెలపాలి. ఒకే ఇంట్లో ఉంటున్నా ఒకరు తెలిపితే ఇద్దరికీ సరిపోదు.