బరాత్ గుర్రం అడుగు తీసి అడుగు వేయకపోతే: సమస్య - పరిష్కారం

వరంగల్, హనుమకొండలలో పెళ్లి ఊరేగింపులకు గుర్రాలను పెంచేవారు ఆషాఢంలోనూ మూఢాలలోనూ వాటిని కట్టేసి ఉంచినా దాణాను మాత్రం తగ్గించకపోవడం వల్ల, మళ్లీ ముహూర్తాలు మొదలయ్యేసరికి గుర్రం నిగనిగలాడుతూ కనిపిస్తుంది. చిక్కు ఆ నిగారింపులోనే ఉండవచ్చు.

లక్షణం: లామినైటిస్ అనే గిట్టల జబ్బు వస్తే గుర్రం ముందుకాళ్లను చాచి బరువును వెనుకకాళ్లపై మోపుతుంది, మలుపు తిరగడానికి జంకుతుంది, గిట్టలు వేడిగా తగులుతాయి, గిట్టకు పైనున్న కీలు వెనుక వేలు పెడితే నాడి బలంగా కొట్టుకుంటుంది. ఒక్క కాలే కుంటితే మేకునో రాయినో అనుమానించవచ్చు. ముందుకాళ్లు రెండూ ఒకేసారి నొస్తుంటే, లాడం కొట్టినవారిని తప్పుపట్టే ముందు మెడను తడిమి చూడాలి. జూలు కింద కొవ్వు గట్టిపడి, తోక మొదట్లో ముద్దలుగా పేరుకుంటే కీడు దాణాలో ఉన్నట్టే.

కారణం: బెల్లం, మక్కలు, రొట్టెల వంటి తీపి, పిండి పదార్థాలు ఇటువంటి గుర్రం రక్తంలో ఇన్సులిన్‌ను మితిమీరి పెంచుతాయి, ఆ ఇన్సులినే గిట్టను లోపలి ఎముకతో కలిపి ఉంచే పొరలను బలహీనపరుస్తుంది. గ్లూకోజ్ మాత్రం తరచుగా మామూలుగానే ఉంటుంది కనుక, షుగర్ పరీక్ష ఒక్కటీ చేయించి నిశ్చింతగా ఉండకూడదు, ఇన్సులిన్‌ను కూడా కొలిపించాలి. పదిహేనేళ్లు దాటిన గుర్రానికి ఎండాకాలంలోనూ పొడవాటి వెంట్రుకలు రాలకపోతే అది మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి జబ్బు కావచ్చు. దానికి ఏసీటీహెచ్ (ఆ గ్రంథి విడుదల చేసే హార్మోన్) పరీక్ష, పెర్గోలైడ్ మందు ఉన్నాయి.

పరిష్కారం: నొప్పితో ఉన్న గుర్రాన్ని నడిపిస్తే పట్టు వదులుతుందన్న మాటను నమ్మరాదు, నడక పొరలను మరింత చీలుస్తుంది. మందంగా ఇసుక పరచి, గిట్టలను మంచునీటిలో ఉంచుతూ, వెంటనే పశువైద్యుని పిలిపించాలి. దాణా మానాలి గాని పస్తు పెట్టకూడదు. పస్తుంటే ఒంటి కొవ్వు రక్తంలోకి చేరి, ముఖ్యంగా పొట్టి గుర్రాలకు, ప్రాణాపాయం కలుగుతుంది. రోజుకు శరీర బరువులో ఒకటిన్నర శాతం, అంటే 300 కిలోల గుర్రానికి సుమారు నాలుగున్నర కిలోల ఎండుగడ్డిని తూచి, గంటసేపు నానబెట్టి, చక్కెర దిగిన ఆ నీటిని పారబోసి వేయాలి. మన ఎండలకు అంతకుమించి నానితే గడ్డి పులుస్తుంది. దాణాకు బదులుగా తౌడు పెట్టడం మరో పొరపాటు, అందులోని అధిక భాస్వరం ఎముకల సున్నాన్ని తోడేస్తుంది. ఖనిజ మిశ్రమాన్ని వైద్యుని సలహాతో ఇవ్వవచ్చు. కుంటడం పూర్తిగా పోయాకే, ఆయన సమ్మతిస్తే, రోజూ కొద్దిసేపు తిప్పాలి. ఊరేగింపులో పెళ్లివారు ప్రేమతో నోటికందించే లడ్డూలను మాత్రం బేరం కుదిరిన రోజే వద్దని చెప్పి ఉంచాలి.