మగపిల్లాడికి పేరు, పిలుపు: సిక్కోలు, విజయనగరం వాళ్లకి

మన వైపు మగపిల్లాడికి పెట్టే పేరు ఒకటి, పిలిచే పేరు ఒకటి. రికార్డులో సూర్యనారాయణ ఉంటాడు, వీధిలో సూరిబాబు తిరుగుతాడు. మొదటి పేరు కోసం పంచాంగాలు తిరగేస్తారు, పెద్దల్ని అడుగుతారు. రెండోది ఎవరూ ఎంచరు, దానంతటదే పడిపోతుంది. జీవితమంతా పిల్లాడి చెవిన పడేది మాత్రం ఆ రెండోదే. అందుకని పేరు ఖాయం చేసుకునే రోజే పిలుపు కూడా ఖాయం చేసుకోండి.

ముందు గడువులు. పురుడు 11వ రోజున చేస్తారు. బారసాల కొన్ని ఇళ్లలో అదే రోజు, కొన్ని ఇళ్లలో 21వ రోజు. జననం నమోదు చేయించడానికి గడువు కూడా 21 రోజులే కాబట్టి చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుని కంగారు పడతారు. అక్కర్లేదు. నమోదులో పేరు గడి ఖాళీగా వదిలేయొచ్చు. 12 నెలల్లోపు వెళ్తే రుసుము లేకుండా పేరు చేరుస్తారు, ఆ తర్వాత అయితే ఆలస్య రుసుము కట్టాలి. ఆసుపత్రిలో ఫారం నింపేవాళ్లు అడిగారు కదా అని నోటికొచ్చిన పేరు చెప్పేయకండి.

పేరు వెతకడం ఇంటి నుంచే మొదలుపెట్టాలి. ఒక కాగితం మీద తండ్రి వైపు తాత పేరు, తల్లి వైపు తాత పేరు, ఇలవేల్పు, ఏదైనా మొక్కు ఉంటే అది రాసుకోండి. మొక్కు ఉన్నచోట ఇంక చర్చ లేదు, ఆ దేవుడి పేరు ఎక్కడో ఒకచోట రావాల్సిందే.

మన పేర్లలో సగం గుళ్ల నుంచి వచ్చినవే. సింహాచలం విశాఖ వైపు ఉన్నా ఆ కొండ పేర్లు మన రెండు జిల్లాల్లో ఊరూరా ఉన్నాయి: అప్పన్న, అప్పలస్వామి, అప్పలనాయుడు, అప్పలరాజు, అప్పారావు, సింహాద్రి, నరసింహమూర్తి, వరాహమూర్తి పేరున వరహాలు, వరహాలబాబు. విజయనగరం పైడితల్లమ్మ పేరున పైడిరాజు, పైడయ్య, పైడినాయుడు. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం సిరిమాను తిరుగుతుంది కదా, ఆ రోజుల్లో పుట్టిన పిల్లాడికి ఇంకో పేరు వెతకడం కష్టమే. అరసవల్లి సూర్యుడి పేరున సూర్యనారాయణ, ఆదినారాయణ, భాస్కరరావు. శ్రీకూర్మం వైపు కూర్మారావు, కూర్మనాథం, కూర్మినాయుడు. వంశధార ఒడ్డున ముఖలింగేశ్వరుడి పేరున ముఖలింగం, లింగరాజు, ఆ స్వామికే ఉన్న మరో పేరున మధుకేశ్వరరావు. రావివలస ఎండల మల్లన్న పేరున మల్లేశ్వరరావు, మల్లికార్జునరావు. సంబర పోలమాంబ పేరున పోలినాయుడు, పోలయ్య.

పాత పేరు కావాలి, పిలుపు మాత్రం నాజూగ్గా ఉండాలి అనుకునేవాళ్లకి ఈ జాబితాలో మధుకేశ్వరరావుని మించింది లేదు. ఇంట్లో ‘మధు’, ఎక్కడికెళ్లినా మధే. భాస్కరరావు, ఆదినారాయణ కూడా అంతే: భాస్కర్, ఆది. సింహాచలం, పైడితల్లి అనే పేర్లు మన దగ్గర ఆడవాళ్లకీ ఉన్నాయి. మగపిల్లాడికి వాటిని విడిగా పెడితే కాగితాల్లో లింగం గడి తప్పు పడే ప్రమాదం ఉంది. సింహాచలం బదులు సింహాద్రి, పైడితల్లి బదులు పైడిరాజు మేలు.

తాత పేరు పెడితే ఒక చిక్కు ఖాయం. కోడలు మామగారి పేరు నోట పలకదు, ఆ పేరుకి ముందు ‘ఒరే’ చేర్చి కొడుకుని కేకెయ్యడం ఇంకా కుదరదు. తాతబాబు, తాతలు, నాన్న, చినబాబు లాంటి పిలుపులు అందుకే పుట్టాయి. పిల్లాడు బడికెళ్లేదాకా తన అసలు పేరు వినని ఇళ్లు ఉన్నాయి. దీనికి మంచి దారి, అదే దేవుడికి ఉన్న మరో పేరు తీసుకోవడం. తాత అప్పలనాయుడైతే మనవడు సింహాద్రినాయుడు. తాత సూర్యనారాయణ అయితే మనవడు భాస్కరరావు. తాతా నిలుస్తాడు, తల్లి నోరూ కట్టుబడదు.

నక్షత్రం అక్షరం చూసేవాళ్లు ముందు పుట్టిన సమయం నిమిషాలతో సహా రాసుకోవాలి. 27 నక్షత్రాలు, ఒక్కోదానికి 4 పాదాలు, మొత్తం 108 అక్షరాలు. ఒక పాదం దాదాపు 6 గంటలు ఉంటుంది. పాదం మారే వేళ పుట్టిన పిల్లాడికి పది నిమిషాల తేడా వచ్చినా అక్షరం మారిపోతుంది: స్వాతి మూడో పాదానికి ‘రో’, నాలుగో పాదానికి ‘తా’. మఖకి మా, మీ, మూ, మే, అనూరాధకి నా, నీ, నూ, నే. ఇవి సులువు, పేర్లు బోలెడు. ఆశ్లేషకి డీ, డూ, డే, డో వస్తాయి. మిగతా ఊళ్లవాళ్లు అక్కడ తల పట్టుకుంటారు గానీ సిక్కోలులో డిల్లేశ్వరరావు ఉండనే ఉన్నాడు. ఆరుద్ర నాలుగో పాదం ‘ఛ’కి ఛాయాపతి అనొచ్చు, అది సూర్యుడి పేరే. హస్త మూడో పాదానికి ‘ణ’ వస్తుంది, దాంతో మొదలయ్యే పేరు లేదు. ఇలాంటప్పుడు నక్షత్ర నామం పూజలకీ సంకల్పానికీ ఉంచుకుని, వ్యవహార నామం మీకు నచ్చింది పెట్టుకోండి. అక్షరం కోసం అర్థం లేని పేరు అల్లడం కంటే ఇది ఎంతో నయం.

ఇక పిలుపు. పేరుని జనం రెండు చోట్ల కోస్తారు. తల ఉంచుకుంటే సూర్యం, సూరి, నరసు, వెంకి. తోక ఉంచుకుంటే మూర్తి, రమణ, రాజు. తోక పిలుపుల్తో ఇబ్బంది ఏమిటంటే వీధికి నలుగురు మూర్తులు తేలతారు, అప్పుడు పెదమూర్తి, చినమూర్తి, నల్లమూర్తి అని ఊరే విడగొడుతుంది. కాబట్టి తల పిలుపే మంచిది. పిలుపు రెండు అక్షరాలు, మహా అయితే మూడు. అంతకంటే పొడుగైతే జనం మళ్లీ కోస్తారు.

ఒత్తులు నోట్లో కరుగుతాయని కూడా గుర్తుంచుకోండి. సింహాద్రి సిమ్మాద్రి అవుతాడు, లక్ష్మణ లచ్చుమ అవుతాడు, సత్య సత్తి అవుతుంది. బొత్స సత్యనారాయణని విజయనగరంలో సత్తిబాబు అనే అంటారు. ‘సత్తి’ వినడం ఇష్టం లేకపోతే సత్యనారాయణ పెట్టకండి. పెట్టాక ఊరి నోటిని దిద్దలేరు.

ఎంచిన పిలుపుని మూడు రకాలుగా పలికి చూడండి: నిద్ర లేపుతున్నట్టు, కోప్పడుతున్నట్టు, వీధి చివరి నుంచి కేకేస్తున్నట్టు. ఇకారంతో, ఉకారంతో ముగిసేవి కేకకి బాగా సాగుతాయి: సూరీ, మధూ, అప్పన్నా కూడా అంతే. సున్నాతో ముగిసే సత్యం, కూర్మం సాగవు, పొలం గట్టు మీద నుంచి పిలిస్తే వినపడవు.

కొన్ని పేర్ల దగ్గర ఆగి ఆలోచించాలి. సన్యాసిరావు, సన్యాసినాయుడు మనకి భక్తితో పెట్టుకున్న గౌరవమైన పేర్లు. కానీ పిలుపు ‘సన్నాసి’ అవుతుంది, మిగతా తెలుగునాట అది తిట్టు. ఆ పేరే కావాలంటే రావుకో నాయుడుకో ముందు ఇంకో పేరు చేర్చి, పిలుపు అందులోంచి తీయండి. పాపారావుని కోస్తే ‘పాపా’ అవుతుంది, అక్కడ పూర్తి పేరుతోనే పిలవడం అలవాటు చేయాలి. తవిటయ్య, తవిటినాయుడు, పెంటయ్య లాంటివి పిల్లలు దక్కని ఇళ్లలో, తవుడిచ్చి కొన్నట్టో పెంట మీద పడేసినట్టో చేసి, దిష్టి తగలకుండా, బతకాలని పెట్టుకున్న పేర్లు. తాతకి ఆ పేరుంటే సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మనవడికి కొనసాగించాలంటే రెండో పేరుగా పెట్టండి.

ఇంటిపేరు మొదటి అక్షరం, పేరు మొదటి అక్షరం కలిపి పైకి చదవండి. మన కథకుల్లో చాగంటి సోమయాజులు చాసో అయ్యారు, కాళీపట్నం రామారావు కారా మాస్టారు అయ్యారు. అందంగా కుదిరాయి. ఇంటిపేరు ‘కో’తో మొదలై పిల్లాడు తిరుపతిరావైతే బడిలో ఏమంటారో చెప్పక్కర్లేదు.

బారసాల రోజున పళ్లెంలో బియ్యం పరిచి తండ్రి చేత బంగారు ఉంగరంతో పేరు రాయిస్తారు, తర్వాత బిడ్డ చెవిలో చెప్పిస్తారు. సూర్యనారాయణమూర్తి లాంటి పేరుకి వెడల్పు పళ్లెం కావాలి. బియ్యం వేలు మందాన ఉంటే చాలు, ఎక్కువైతే గీత పూడిపోతుంది. అదే రోజు అమ్మమ్మకి, నానమ్మకి, మేనత్తలకి, మేనమామలకి పిలుపు కూడా చెప్పేయండి. చెప్పకపోతే సాయంత్రానికి ఒకరు బుజ్జి అంటారు, ఒకరు చిట్టి అంటారు, ఒకరు పండు అంటారు.

నమోదుకి పల్లెల్లో పంచాయతీ కార్యదర్శి దగ్గరికి, పట్నంలో మునిసిపల్ కార్యాలయానికి వెళ్లాలి. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకి బడిలో చేరడానికీ, పాస్‌పోర్టుకీ, డ్రైవింగ్ లైసెన్సుకీ పుట్టిన తేదీ రుజువు జనన ధ్రువపత్రమే. అందులో పడ్డ తప్పు అన్ని కాగితాల్లోకీ పాకుతుంది. ఇంగ్లిషు అక్షరాల్లో స్పెల్లింగు ముందే తెల్లకాగితం మీద పెద్దక్షరాలతో రాసి తీసుకెళ్లండి. నాయుడుకి ‘ఐ’ పెడతారా ‘వై’ పెడతారా, రావు కలిపి రాస్తారా విడిగానా, ఇవి తండ్రి కాగితాల్లో ఎలా ఉంటే అలాగే ఉంచండి. ఇంటిపేరు పొడి అక్షరంగా కాక పూర్తిగా రాయించండి. పాస్‌పోర్టులో దానికి వేరే గడి ఉంటుంది, పొడి అక్షరం దగ్గరే ఆధార్‌తో తేడా వస్తుంది. పిలుపుని మాత్రం ఏ కాగితంలోనూ చేర్చకండి, అంగన్‌వాడీ పుస్తకంలో కూడా. ఒకటో తరగతిలో చేర్చే ముందే పిల్లాడికి తన పూర్తి పేరు నేర్పాలి, హాజరు పిలిచినప్పుడు పలకాలి కదా. బడి రిజిస్టరులో ఎక్కిన పేరే పదో తరగతి మార్కుల జాబితాలోకి వస్తుంది, కాబట్టి చేర్పించే రోజు ఆ గడి మీరే చదివి సంతకం పెట్టండి.