వెబ్ ఫారం నుంచి సర్వర్ స్క్రిప్టు దాకా – 4వ పాఠం: మౌనా లోవా లెక్కలకు గ్రాఫు

క్రితం పాఠంలో రెండు పెట్టెలు, ఒక బటన్ ఉన్న ఫారం తయారు చేసి, బటన్ నొక్కగానే చిరునామాలో ప్రశ్నార్థకం తరువాత ఏమేమి చేరుతున్నాయో గమనించాము. ఈసారి ఆ ఫారం వెనుక పనిచేసే స్క్రిప్టును పైథాన్‌లో రాద్దాం. ‘మొదలు’, ‘చివర’ అనే పెట్టెలలో రెండు సంవత్సరాలు నింపితే, హవాయిలోని మౌనా లోవా పర్వతం మీద ఆ మధ్యకాలంలో కొలిచిన కార్బన్ డయాక్సైడ్ నెలవారీ సగటులు గ్రాఫుగా కనిపించాలి. అమెరికన్ శాస్త్రవేత్త చార్లెస్ డేవిడ్ కీలింగ్ 1958 మార్చిలో ఈ కొలతలు మొదలుపెట్టినప్పుడు పది లక్షల భాగాలకు దాదాపు 315 ఉన్న విలువ, 2024 వార్షిక సగటులో 424 దాటింది. స్క్రిప్స్ సముద్ర విజ్ఞాన సంస్థ ఈ లెక్కలను కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలుగా అందరికీ అందిస్తోంది. దాన్ని ఒకసారి దించుకుని, స్క్రిప్టుకు అందేటట్లు, వెబ్‌లో నేరుగా కనబడకుండా ఉండే ఫోల్డరులో పెట్టుకోండి. ఎవరో బటన్ నొక్కిన ప్రతిసారీ వాళ్ల సర్వర్ తలుపు తట్టడం మర్యాద కాదు.

మనం వాడే పద్ధతి సీజీఐ, అంటే కామన్ గేట్‌వే ఇంటర్‌ఫేస్: వెబ్ సర్వర్ బయటి స్క్రిప్టును నడిపి జవాబు తెప్పించుకునే ఏర్పాటు. 1993లో అమెరికాలోని ఎన్‌సీఎస్‌ఏ పరిశోధన కేంద్రం వెబ్ సర్వర్‌తో వాడుకలోకి వచ్చిన ఈ ఏర్పాటు పాతదే కానీ, లోపల జరిగేదంతా కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది కనుక నేర్చుకునేవారికి నేను దీన్నే ముందు చెబుతాను. అభ్యర్థన వచ్చినప్పుడల్లా సర్వర్ మన స్క్రిప్టును కొత్తగా నడుపుతుంది; ప్రశ్నార్థకం తరువాతి భాగాన్ని క్వెరీ స్ట్రింగ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో (ప్రోగ్రాముకు బయటినుంచి అందే, పేరున్న విలువలో) పెట్టి ఇస్తుంది; స్క్రిప్టు ప్రింట్ చేసినదాన్ని బ్రౌజరుకు చేరవేస్తుంది. పాత పుస్తకాలలో కనిపించే పైథాన్ సీజీఐ మాడ్యూలు కోసం వెతకకండి, దాన్ని 3.13 వెర్షన్‌లో తీసేశారు. పైథాన్‌తోనే వచ్చే యూఆర్‌ఎల్‌లిబ్‌లోని పార్స్ క్యూఎస్ ఫంక్షను ఆ పని చక్కగా చేస్తుంది. అది ప్రతి పేరుకూ ఒక్క విలువను కాక విలువల జాబితాను ఇస్తుందనీ, ఖాళీగా వదిలిన పెట్టె పేరు అందులో అసలు ఉండదనీ గుర్తుంచుకోండి.

వచ్చిన సంవత్సరాన్ని ముందుగా ఇంట్ ఫంక్షనుతో పూర్ణసంఖ్యగా మార్చి, 1958కి తక్కువ కాకుండా, ఈ ఏటికి మించకుండా, మొదలు చివరను దాటకుండా ఉందో లేదో చూసి, ఆ తరువాత ఆ సంఖ్యనే వాడాలి తప్ప పెట్టెలో టైపు చేసిన అక్షరాలను ముట్టుకోకూడదు. ఇక్కడ ఒక ముచ్చట. ఎవరైనా ౧౯౬౪ అని తెలుగు అంకెలలో టైపు చేస్తే, ఒక్కో అంకె మూడు బైట్లు కనుక చిరునామాలో శాతం గుర్తులతో కలిపి 36 అక్షరాల చాంతాడు తయారవుతుంది. అయినా పార్స్ క్యూఎస్ దాన్ని విప్పుతుంది, ఇంట్ దాన్ని 1964గానే చదువుతుంది. పాఠకులు టైపు చేసినదాన్ని షెల్ (టెర్మినల్‌లో ఆదేశాలను నడిపే ప్రోగ్రాము) ఆదేశంలో అతికించడం మాత్రం ఎన్నడూ చేయకండి. 2014 సెప్టెంబరులో బయటపడిన షెల్‌షాక్ లోపం సీజీఐ స్క్రిప్టులను అంతగా కుదిపేయడానికి కారణం, బ్రౌజరు పంపిన మాటలు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ రూపంలో బాష్ అనే షెల్ చేతికి చిక్కడమే.

ఇక ఫైలు దగ్గరికి వద్దాం. మొదట వివరణ పంక్తులుంటాయి, వాటిని వదిలేయాలి. మనకు కావలసిన కొలత ఐదో నిలువు వరుసలో ఉంటుంది. కొలత లేని నెల దగ్గర మైనస్ 99.99 అని రాసి ఉంటుంది. మార్చిలో పని మొదలైంది కనుక 1958 జనవరి, ఫిబ్రవరి వరుసలు రెండూ ఇలాగే కనిపిస్తాయి. దీన్ని అలాగే గీయిస్తే గీత సున్నా కిందినుంచి మొదలై నిట్టనిలువుగా 315కు ఎగబాకుతుంది, ఆ తరువాతి అరవై ఏళ్ల పెరుగుదల అంతా గ్రాఫు పై అంచున నలిగిన దారంలా మిగులుతుంది. సున్నా పెట్టడం దీనికి మందు కాదు. వరుసను తీసేస్తే మరీ ప్రమాదం, ఎందుకంటే అటూ ఇటూ ఉన్న నెలలను గీత కలిపేసి అక్కడ కొలిచినట్టే భ్రమ కలిగిస్తుంది. ఆ చోట నాన్ అనే ‘సంఖ్య కానిది’ ఉంచితే గీత తెగి, ఖాళీ ఖాళీగానే కనిపిస్తుంది. 1964 తొలి నెలలలో నిధుల కోత వల్ల కొలతలు ఆగాయి, ఆ తెగిన చోటు చరిత్రలో భాగం. అలాగే 2022 నవంబరు చివర అగ్నిపర్వతం బద్దలై స్టేషనుకు కరెంటూ దారీ తెగిపోయాక, కొన్ని నెలలు పొరుగున ఉన్న మౌనా కియా మీద కొలిచారు. గ్రాఫు కింద ఆ మాట రాయండి.

గ్రాఫు గీయడానికి మ్యాట్‌ప్లాట్‌లిబ్ అనే పైథాన్ లైబ్రరీ చాలు. సర్వర్‌కు తెర ఉండదు కనుక ముందుగా తెర లేకుండానే బొమ్మను ఫైలుగా గీసే ఆగ్ అనే బ్యాకెండ్‌ను ఎంచుకోవాలి. తయారైన పీఎన్‌జీ బొమ్మను పంపేటప్పుడు వస్తున్నది ఏ రకం సమాచారమో బ్రౌజరుకు చెప్పే కంటెంట్ టైప్ హెడర్, దాని కింద ఒక ఖాళీ పంక్తి, ఆపైన బొమ్మ బైట్లు ఈ వరుసలోనే వెళ్లాలి. హెడరును ప్రింట్‌తోనూ బొమ్మను స్టాండర్డ్ అవుట్‌పుట్ బఫరుతోనూ పంపితే, ప్రింట్ చేసినది లోపలే ఆగిపోయి బొమ్మ ముందు బయలుదేరుతుంది, సర్వర్ 500 తప్పు (సర్వర్ లోపలి లోపం) చూపిస్తుంది. హెడరును కూడా బైట్లుగా మార్చి అదే బఫరులో రాయండి.

ఇంకా పని చేయకపోతే స్క్రిప్టు ఫైలుకు 755 అనుమతి (అందరూ చదివి నడపగలిగేది, యజమాని మాత్రమే మార్చగలిగేది) ఇచ్చారో లేదో చూడండి. విండోస్‌లో రాసిన స్క్రిప్టులో, పైథాన్ ఎక్కడుందో చెప్పే మొదటి పంక్తి చివర కంటికి కనబడని క్యారేజ్ రిటర్న్ అనే అక్షరం దాగి ఉండి, పైథాన్ దొరకకుండా చేయవచ్చు, దాని పుణ్యమా అని నాకు ఒక సాయంత్రమంతా వృథా అయింది. అన్నిటికన్నా ముందు క్వెరీ స్ట్రింగ్‌ను మీరే టెర్మినల్‌లో నింపి స్క్రిప్టును నడిపి చూసుకుంటే, సర్వర్ లాగు వెతకవలసిన అవసరం సగం తగ్గుతుంది.

అభ్యాసం: 1963 నుంచి 1965 వరకు అడగండి. గీత ఒకచోట తెగి కనిపించాలి. తెగకపోతే మైనస్ 99.99ను ఎక్కడ జారవిడిచారో వెతికి సరిచేసుకోండి. అదే ఫారానికి పట్టికను కూడా జోడించడం వచ్చే పాఠంలో.